గాలికి బిల్లు రాదు

పరకాల దాటినంక జిన్నింగు మిల్లు పక్కన
ఎడమకు తిరిగితే రేగులపల్లి.
స్కూటరు కొత్తది, దానికి ఈ తొవ్వ తెల్వదు.
నాకు ఒక్కొక్క స్తంభం తెలుసు.
ఎనిమిదో నంబరు గుంతల బండ తగిలితే
ఇగ తవ్వలేక కొంచెం వంకరగనే నిలబెట్టినం.
ఇప్పటికీ వంకరగనే ఉన్నది,
తీగ మీద ఒక ఏట్రింత తోక సర్దుకుంటున్నది.

గాలిమరను మల్ల తిప్పినమని, వచ్చి చూడుమని
వెల్డింగు యాకూబ్ పాషా నెల నుంచి ఫోన్లు.
నన్నెందుకు పిలుస్తున్నడో
నేనడగలె, ఆయన చెప్పలె.

గేటు కాడ బుచ్చవ్వ, పది రూపాల టికెటు.
అట్టముక్కతోని ఇసురుకుంటనే గుర్తుపట్టింది:
"కరెంటు సారువే గదా, ఎప్పుడొస్తది?"
నేను రిటైరై తొమ్మిదేండ్లు.
ఈ ప్రశ్న ఇంకా డ్యూటీలనే ఉన్నది.

నాలుగు ఇనుప కాళ్లు, నడుమ రాతి బావి.
పైన పద్దెనిమిది రెక్కలు:
పదిహేడు కొత్త రేకు, కండ్లు మిరుమిట్లు.
ఒక్కటి పాతది. గులేరు రాళ్ల సొట్టలు,
అంచు పొడుగూత తుప్పు కొరికిన గాట్లు.
"దీన్నెందుకు మార్చలె?"
పాషా నల్లద్దాలు నెత్తి మీదికి జరిపిండు.
"అన్నీ మారిస్తే నేను చేసిన గాలిమర అయితది సార్.
నన్ను బాగు చెయ్యమన్నరు గని
చెయ్యమన్లే."

బోర్డు మీద అన్నీ ఉన్నయి.
ఎవరు కట్టించిండ్రు, ఎన్ని గజాల లోతు,
రంగుకు పైసలిచ్చినోళ్ల పేర్లు, ఇంటిపేర్లతో సహా.
ఎట్ల ఆగిందో మాత్రం రెండే మాటలు:
"కాలక్రమంలో నిరుపయోగమై".

కాలక్రమం అంటే నేనే.
నడుముకు తాడు, జేబుల ప్లయరు,
ఇరవై నాలుగేండ్లు.

ఆ పొద్దు మోటరుకు కొబ్బరికాయ కొట్టిండ్రు.
మొదటి నీళ్లు తొడంత లావుగ దుంకినయి,
పొలగాండ్లు అంగీలతోనే కిందికి ఉరికిండ్రు.
అందరూ ఇటే చూస్తున్నరు.
గాలిమర కింద రాజలింగం ఒక్కడు,
ఆముదం డబ్బ చేతుల పట్టుకొని.
శుక్రవారం శుక్రవారం నిచ్చెనెక్కి
దాని కీళ్లకు నూనె పెట్టేటోడు.
నా దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు:
"సారూ, గాలికి బిల్లు రాదు గద?"

నేను నవ్విన.
నాతోటి ఊరంత నవ్వింది.
ఆయన కూడ నవ్విండు, కొంచెం ఆలస్యంగ.

నాలుగేండ్లకు ఆ మోటరు ఫ్యూజు నేనే పీకిన,
బాకీ నోటీసు గోడకంటించి.
గది యాదికొస్తే ఇప్పటికీ
అన్నం కాడ చెయ్యి ఆగుతది.

మిరుగు ఇంకా నాలుగు రోజులున్నది.
ఒక్క ఆకు మెసల్తలేదు.
బుచ్చవ్వ, పాషా, నేను, బడి నుంచొచ్చిన ముగ్గురు పిల్లలు,
ఆరుగురం మెడలెత్తి నిలబడ్డం.
పిల్లలు నోటితోని ఊదిండ్రు గూడ.
"టికెటు పైసలు వాపసియ్యను" అన్నది బుచ్చవ్వ.

మధ్యాహ్నం తర్వాత, ఎవ్వరం చూడనప్పుడు,
తోక పడమటికి తిరిగింది.
ముందుగాల పాత రెక్కే కదిలినట్టనిపించింది నాకు;
నిజానికి పద్దెనిమిదీ ఒక్కసారే కదుల్తయి.
కడ్డీ కిందికి, మీదికి. కిందికి, మీదికి.
నీళ్లు రాలె.
బావిల ఏదో గొంతు సర్దుకున్న సప్పుడు.
అటెంక ఒక బుగ్గ, ఎర్రమట్టి,
అటెంక వేలంత ధార, తొట్టిలకు.

పైకెక్కుతనంటే పాషా వద్దన్నడు, రూలట.
నిచ్చెన కాడికి పోయి
చేతి వీపుతోని ఇనుమును తాకిన.
ముప్పై నాలుగేండ్ల అలవాటు:
అరచేత పడితే కరెంటు ఇడువది,
చేతి వీపైతే ఇసిరికొడ్తది.

కొట్టలె.
చెయ్యి తిప్పి
అరచేత పట్టుకున్న.